డెబ్బై దాటితే ఎక్కిళ్ళు

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళేసరికి మా అంబాసిడర్‌ని తూకానికి ఇచ్చేద్దామని ఇంట్లో తీర్మానం అయిపోయి ఉంది. నన్నెవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదనుకోండి, కారు నాది కాదు. 1984లో మా తాతగారు కొన్న మార్క్ 4, పెట్రోలు బండి. రావులపాలెం చుట్టుపక్కల ఇలాంటివి ఒకప్పుడు బోలెడు. పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది వాటికి డీజిల్ ఇంజన్లు బిగించేశారు. మా బాబాయి కూడా పదేళ్ళు పోరాడు, "అన్నయ్యా, డీజిల్ ఇంజను పెట్టించెయ్" అని. నాన్నగారు ససేమిరా అన్నారు. అలాంటి మనిషి ఇప్పుడు "ఇంక దీన్ని నమ్మలేనురా" అంటున్నారు.

ఆయన తప్పు కూడా కాదు. దసరాల్లో రాజమండ్రి నుంచి తిరిగొస్తుంటే జొన్నాడ బ్రిడ్జి మీద ఇసక లారీని దాటబోయారట. కుడివైపుకి తీసి యాక్సిలేటర్ తొక్కగానే కారు ఎక్కిళ్ళు పెట్టడం మొదలెట్టింది. ముందుకి ఒక తోపు, వెనక్కి ఒక లాగు. పక్కన లారీ, వెనక బస్సు, బస్సువాడి హారను. అమ్మ డాష్‌బోర్డు పట్టుకుని కూచుందట. ఎలాగో మళ్ళీ లారీ వెనక్కి వచ్చి పడ్డారు. ఆ రోజు నుంచీ అమ్మ ఆ కారెక్కలేదు. నా లెక్క ప్రకారం కారు విలువ ఎంతున్నా, అమ్మ ఎక్కని కారు మా ఇంట్లో ఉండి లాభం లేదు.

ఆ ఎక్కిళ్ళు అప్పటికి ఎన్నాళ్ళుగా ఉన్నాయో ఎవరికీ తెలీదు. ఎందుకంటే మా ఊరి నుంచి ఎటెళ్ళినా కాలవ గట్టు రోడ్లే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలవల పుణ్యమా అని డెల్టా అంతా అన్నం తింటోంది గానీ, గట్టు మీద కారు యాభై దాటించే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు, పక్కన గేదె, మలుపు తిరిగితే లాకులు. మూడో గేరులోంచి నాలుగో గేరుకి వెళ్ళడమే పండగ. హైవే ఎక్కితేనే బగ్గు బయటపడుతుంది. మనవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, టెస్టు ఎన్విరాన్‌మెంట్లో ఎప్పుడూ బానే ఉంటుంది :)

ఈ మూడు నెలల్లో జరిగిన వైద్యం చెప్తాను వినండి. మొదటి మెకానిక్కు నాలుగు ప్లగ్గులు మార్చాడు. తగ్గలేదు. పాయింట్లు, కండెన్సరు మార్చాడు. ఒక్క రోజు బావున్నట్టనిపించింది, తర్వాత మామూలే. రెండో ఆయన కార్బురేటరు విప్పి కడిగి, రిపేరు కిట్టు వేసి, ఆ మీద కుదరట్లేదని కార్బురేటరే మార్చాడు. మూడో ఆయన కాయిలు, హెచ్‌టీ వైర్లు, మళ్ళీ ఇంకో జత పాయింట్లు. మొత్తం 14 వేల పైచిలుకు. ముగ్గురూ షెడ్డులో బండి నిలబెట్టి, న్యూట్రల్లో రయ్యిమని రేజ్ చేసి, "చూడండి, ఎంత బాగా తీసుకుంటుందో" అన్నవాళ్ళే. నిజంగానే న్యూట్రల్లో సుబ్బరంగా తీసుకుంటుంది. అక్కడే ఉంది కిటుకంతా, కానీ అది నాక్కూడా వెంటనే వెలగలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ముందు నేనూ తప్పుదారిలోనే వెళ్ళాను. హైదరాబాదులో కూచుని, కారు ముఖం కూడా చూడకుండా, ఫోన్లోనే తీర్పిచ్చేశాను: "ఇదంతా ఈ20 పెట్రోలు వల్ల నాన్నా" అని. వాదన గట్టిగానే ఉంది మరి. 2022లో మన పెట్రోలులో ఇథనాలు పది శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరి నుంచి ఇరవై శాతంది బంకుల్లోకి రావడం మొదలై 2025 కల్లా దేశమంతా అదే అయింది. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలాలంటే బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాలుకైతే 9 పాళ్ళే చాలు. ఇరవై శాతం కలిపితే లెక్క పదమూడున్నర దగ్గరకొస్తుంది. కొత్త కార్లలో సెన్సారు అది పసిగట్టి ఇంధనం పెంచుకుంటుంది. మా బండిలో ఉన్నది ఇత్తడి జెట్టు, దానికో చిల్లు. దానికి సెన్సారూ లేదు, అప్‌డేటూ రాదు. అంచేత మిశ్రమం ఏడెనిమిది శాతం పల్చబడుతుంది. పైగా ఇథనాలు నీళ్ళని పీలుస్తుంది, పాత రబ్బరుని ఉబ్బిస్తుంది. మన కోనసీమ గాలిలో తేమకి కొదవేముంది?

ఇంటికొచ్చి చూస్తే ఆ వాదనకి సాక్ష్యం కూడా దొరికింది. ఫ్యూయల్ పంపుకీ కార్బురేటరుకీ మధ్య రబ్బరు గొట్టం ఉబ్బి, వేలితో నొక్కితే గారెల పిండిలా ఉంది. ఫిల్టర్లో నల్లటి నలుసులు. చంకలు గుద్దుకున్నాను. ఇథనాలుకి తట్టుకునే గొట్టం తెచ్చి, ఫిల్టరు మార్చి, నాన్నగారిని ఎక్కించుకుని హైవే మీదకెళ్ళాను. సరిగ్గా డెబ్బై దాటగానే మళ్ళీ అవే ఎక్కిళ్ళు. నాన్నగారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో ఆయన కొడుక్కే తెలియాలి.

గొట్టం పాడవడం నిజం. మార్చాల్సిందే, లేకపోతే ఏ రోజో మంటలొచ్చేవి. కానీ మేము వెతుకుతున్న జబ్బు అది కాదు. పాత బండిలోనైనా పాత కోడులోనైనా పట్టుకుని చూస్తే తప్పులు దొరుకుతూనే ఉంటాయి. దొరికిన మొదటి తప్పే మన తప్పనుకోవడం మన బలహీనత.

ఆ రాత్రి బుద్ధొచ్చి కాయితం, పెన్ను తీసుకుని కూచున్నాను. ఇంజను పరుగులో తడబడిందంటే తిండి చాలకైనా అయ్యుండాలి, నిప్పు చాలకైనా అయ్యుండాలి. ఈ రెండిటినీ విడదీసే ప్రశ్న ఒకటి కావాలి. తిండి అవసరం ఇంజను చేసే పనిని బట్టి ఉంటుంది. నిప్పు అవసరం ఎన్ని చుట్లు తిరుగుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. టాప్ గేరులో డెబ్బై అయిదు మీద వెళ్ళినప్పుడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, బోలెడు పెట్రోలు తాగుతుంది. అదే ఆర్పీఎం మూడో గేరులో యాభై మీదే వస్తుంది, గాలి ఒత్తిడి తక్కువ, తాగేదీ బాగా తక్కువ. మరి మూడో గేరులో యాభై మీద ఎక్కిళ్ళు వస్తాయా, రావా?

అంబాసిడర్‌కి ఆర్పీఎం మీటరు లేదు. దానికి నా దగ్గర ఫోనుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టుకి రెండు సార్లు పేలుతుంది. మూడు వేల ఆర్పీఎం అంటే నిమిషానికి ఆరు వేల పేలుళ్ళు, సెకనుకి వంద. అంటే శబ్దాన్ని స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లో వంద హెర్ట్జ్ దగ్గర గీత లేవాలి. మర్నాడు పొద్దున్నే, సిద్ధాంతం వైపు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, నాన్నగారు నడిపారు, నేను పక్కన ఫోను పట్టుకుని కూచున్నాను. టాప్‌లో ఎక్కిళ్ళు మొదలైనప్పుడు గీత వంద దాటి ఉంది. మూడో గేరులో కూడా అక్కడే, అదే గీత దగ్గర, అవే ఎక్కిళ్ళు. ఇంకోటి కూడా చూశాం. తిండి చాలని ఇంజను వెంటనే చచ్చిపోదు, కార్బురేటరు గిన్నెలో పెట్రోలు ఖాళీ అయ్యేదాకా కాసేపు లాగి, తర్వాత నీరసపడుతుంది. ఇది అలా కాదు. స్విచ్చి వేసి తీసినట్టు గీత దాటగానే వచ్చేది, కిందకి దిగగానే పోయేది.

ఇంటికొచ్చి ఇంజను చల్లారాక పంపు గొట్టం తీసి సీసాలో పట్టాం (దగ్గర్లో పొయ్యీ బీడీ లేకుండా చూసుకున్నాం లెండి). నిమిషంలో అర లీటరు పైనే వచ్చింది. లీటరుకి పది కిలోమీటర్లనుకున్నా, డెబ్బై అయిదు మీద గంటకి ఏడున్నర లీటర్లు, నిమిషానికి నూట పాతిక మిల్లీలీటర్లు చాలు. నాలుగింతలు వస్తోంది. పంపు, ఫిల్టరు, గొట్టాలు నిర్దోషులు. నా ఈ20 వాదన నీరుగారిపోయింది. పూర్తిగా కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

మిగిలింది నిప్పు. దాంట్లో ప్రతీదీ కొత్తదే! ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు, కాయిలు, వైర్లు అన్నీ మార్చేశారు కదా. ఇక్కడ నా తెలివి అయిపోయింది. తణుకులో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆటో ఎలక్ట్రీషియను. ఈ మధ్య బ్యాటరీలూ హెడ్‌లైట్లూ తప్ప ఆయన దగ్గరికి ఏమీ రావట. బానెట్టు ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్ల మధ్య ఫీలర్ గేజి పెట్టి చూశాడు. "గ్యాపు కరెక్టుగానే ఉందండి, పదిహేను తౌలు" అన్నాడు. అని ఊరుకోలేదు. లోపలికెళ్ళి, బీరువా మీద నుంచి దుమ్ము కొట్టుకుపోయిన ఒక ముల్లు మీటరు పట్టుకొచ్చాడు. డ్వెల్ మీటరు. నేను దాని పేరు వినడమే గానీ చూడ్డం అదే మొదలు.

డ్వెల్ అంటే ఏంటో చెప్పాలి, అసలు మజా అక్కడే ఉంది. 1910 ప్రాంతంలో కెట్టరింగ్ అనే అమెరికా ఇంజనీరు తయారుచేసిన పద్ధతి ఇది, దాదాపు డెబ్బై ఏళ్ళు ప్రపంచంలో చాలా పెట్రోలు కార్లు దీని మీదే నడిచాయి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిలులోకి కరెంటు ఎక్కుతుంది. అవి విడిపోయిన క్షణంలో ఆ శక్తంతా వేల వోల్టుల నిప్పురవ్వగా ప్లగ్గు దగ్గర దూకుతుంది. కరెంటు ఒక్కసారిగా ఎక్కదు, కాయిలు బిందెలాంటిది, నిండడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. డిస్ట్రిబ్యూటరు ఒక చుట్టు తిరిగితే నాలుగు సిలిండర్లకి నాలుగు తొంభై డిగ్రీల వాటాలు. ఆ తొంభైలో దాదాపు అరవై డిగ్రీలు పాయింట్లు మూసుకుని ఉండాలి, అదే డ్వెల్. ఇంజను 750 మీద తిరుగుతున్నప్పుడు నిప్పుకీ నిప్పుకీ మధ్య నలభై మిల్లీసెకన్లు, అందులో బిందె నిండటానికి ఇరవై ఆరు పైన. తీరుబడిగా నిండుతుంది. మూడు వేల మీద మొత్తం పది మిల్లీసెకన్లే, నిండటానికి ఆరున్నర. ఇక్కడ దుబారాకి చోటు లేదు.

మీటరు తగిలించి స్టార్టు చేశాడు. ముల్లు అరవై దగ్గర బుద్ధిగా నిలబడింది. మెల్లగా రేజ్ చేశాడు. రెండు వేలు దాటగానే ముల్లు కదలడం మొదలెట్టింది. మూడు వేలకి నలభై రెండుకీ యాభై అయిదుకీ మధ్య గాలిలో కొబ్బరాకులా ఊగుతోంది. ఇంజను మాత్రం చెవికి హాయిగానే వినిపిస్తోంది! పెద్దాయన నవ్వి ఇంజను ఆపేశాడు. డిస్ట్రిబ్యూటరు షాఫ్టుని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి ఊపాడు. "ఇలా పట్టుకోండి" అని నా వేళ్ళు పెట్టించాడు. టిక్, టిక్. వదులు పంటిలా కదులుతోంది. "బుష్షు అరిగిపోయిందండీ. నలభై ఏళ్ళ నించీ తిరుగుతాంది కదా, ఆయ్."

అదన్నమాట. ఆగి ఉన్నప్పుడు ఎంత కొలిచినా గ్యాపు కరెక్టే. తిరిగేటప్పుడు షాఫ్టు పక్కకి ఒరిగి, గ్యాపు ఒక్కో సిలిండరుకి ఒక్కోలా మారిపోతోంది. నలభై రెండు డిగ్రీలంటే బిందె నిండటానికి అయిదు మిల్లీసెకన్లు కూడా లేవు. పైగా పాయింట్లు విడిపోయే క్షణమే నిప్పు పడే క్షణం కాబట్టి, టైమింగూ గతి తప్పుతుంది. డిస్ట్రిబ్యూటరు షాఫ్టు మీద ఒక డిగ్రీ తేడా అంటే క్రాంకు మీద రెండు డిగ్రీలు. అయిదు తప్పితే పది. టైమింగ్ లైటు కొట్టి చూపించాడు, పుల్లీ మీద గుర్తు ఒక్కచోట నిలబడకుండా గంతులేస్తోంది.

మరి న్యూట్రల్లో ఎందుకు బాగుంటుంది? బరువు లేనప్పుడు సిలిండర్లోకి వెళ్ళే మిశ్రమం తక్కువ, ఒత్తిడి తక్కువ, బలహీనమైన రవ్వ కూడా ప్లగ్గు గ్యాపు దూకేస్తుంది. రోడ్డు మీద యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, అది లేదు. ఇక ఈ20 సంగతి. పల్చటి మిశ్రమాన్ని అంటించడం ఇంకాస్త కష్టం. బుష్షు చాలా ఏళ్ళుగా అరుగుతూనే ఉండుండాలి, పాత పెట్రోలుతో లాక్కొచ్చింది, కొత్త పెట్రోలుతో లాక్కురాలేకపోయిందని నా అనుమానం. నిరూపించలేను. కానీ వాట్సాప్‌లో ప్రతి పాత బండి రోగానికీ ఇథనాలునే తిట్టేవాళ్ళకి నేనిప్పుడు వంత పాడలేను.

బుష్షు కొట్లో దొరకలేదు. రైసు మిల్లుల పనులు చేసే లేతు షాపులో గన్‌మెటల్ ముక్క తిప్పించి, కొలతకి రీమరు కొట్టించి వేశారు. లేతుకి ఆరొందలు. పెద్దాయన పనికి "మీ ఇష్టమండి" అన్నాడు.

ఇప్పుడు అసలు నా గోల. ఆ "మీ ఇష్టం" దగ్గర నాన్నగారు మూడొందలు తీశారు. 14 వేలు మారు మాట్లాడకుండా ఇచ్చిన మనిషి! నేను వెయ్యి ఇవ్వబోతే, "ఏం మార్చాడురా, చూశాడంతే" అన్నారు మెల్లగా. పెద్దాయన వినేశాడు. కోపం తెచ్చుకోలేదు. "అందుకేనండి బాబూ, మీటరు బీరువా ఎక్కేసింది. చూసినందుకు డబ్బులెవరిత్తారండి? పాత సామాను చేతిలో పెట్టి, కొత్తది బిగించామంటేనే ఇత్తారు" అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ రోజంతా మనసులో ఆ ముగ్గురు మెకానిక్కుల్నీ తిట్టుకుంటూనే ఉన్నాను, బుర్ర వాడరు, అడ్డంగా పార్టులు మార్చేస్తారు అని. వాళ్ళకి తెలీక కాదేమో. వాళ్ళలో ఒకడు రెండు గంటలు కూచుని ఆలోచించి, "ఏమీ మార్చలేదండి, జబ్బు ఫలానా, అయిదొందలివ్వండి" అనుంటే మేమిచ్చేవాళ్ళమా? పక్క షెడ్డుకెళ్ళి, "వాడు చూసి డబ్బులడిగాడండీ" అని చెప్పి నవ్వుకునేవాళ్ళం. మనం దేనికి డబ్బులిస్తే అదే దొరుకుతుంది. పార్టులకిచ్చాం, పార్టులొచ్చాయి.

మన దగ్గరా ఇంతే కదండీ. రాత్రి రెండింటికి సర్వరు పడుకుంటుంది. రీస్టార్టు చేసినవాడికి మర్నాడు మెయిల్లో మెచ్చుకోలు. ఎందుకు పడుకుందో మూడు రోజులు లాగులు తవ్వి, ఒక్క లైను మార్చినవాణ్ణి "మూడు రోజులకి ఒక్క లైనా?" అని అడుగుతారు. మెమరీ పెంచండి, నోడ్లు పెంచండి, వెర్షను మార్చండి. కొత్త కాయిలు, కొత్త కార్బురేటరు. టైంషీటులో "ఆలోచించాను" అని రాసుకునే గడి నేను ఇంతవరకూ ఏ కంపెనీలోనూ చూళ్ళేదు. నేను కూడా ఆ రీస్టార్టు మెచ్చుకోళ్ళు అందుకున్నవాణ్ణే, కాబట్టి ఇది ఎవర్నో వేలెత్తి చూపించడం కాదు.

"ఇంత తంటా ఎందుకు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు పెట్టించేస్తే పోయేది" అన్నాడు నా ఫ్రెండొకడు. పాయింట్లు పోయేవి నిజమే. షాఫ్టు ఊగడం పోదు, సెన్సారు కూడా ఆ ఊగే షాఫ్టునే చూడాలి. ముందు బుష్షు, తర్వాత కావాలంటే కిట్టు. నాన్నగారైతే కిట్టు మాటెత్తితే డీజిల్ ఇంజను మాటెత్తినట్టు చూస్తారు.

కారు ఉంచాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో పదివేలు చేశారు. యాభై ఏళ్ళు నిండితే వింటేజి కింద రాయించుకోవచ్చు గానీ మాదానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది, పైగా వింటేజి బండిని రోజూ తిప్పుకోనివ్వరు. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, సామాన్లు రాను రాను కష్టమే. ఇవన్నీ నిజాలే, వాటి మీద ఇచ్చేస్తామంటే నేను అడ్డుపడను. జబ్బేంటో తెలీక ఇచ్చెయ్యడం మాత్రం నాకు ఇష్టం లేదు.

బుష్షు వేయించిన మర్నాడు మళ్ళీ జొన్నాడ బ్రిడ్జెక్కాం. డెబ్బై, డెబ్బై అయిదు, ఎనభై. ఫోన్లో గీత వంద దాటి నూటపది దాకా వెళ్ళింది, ఒక్క ఎక్కిలి లేదు. నాన్నగారు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆయనే తణుకు వైపు తిప్పమన్నారు. పెద్దాయన కొట్టు మూసి ఉంది, భోజనానికి వెళ్ళాడట. ఏడొందలు ఒక కవర్లో పెట్టి పక్క టీ కొట్లో ఇచ్చాం. అమ్మ ఇంకా ఎక్కలేదు, శివరాత్రికి చూద్దామంది.